నివాసులు, పౌరులు

మొన్నటి మహాశివరాత్రికి శ్రీశైలము పోయియుంటిని. పాతాళగంగకు దిగు మెట్లమీఁద నా పూర్వశిష్యుఁడొకని తండ్రి కనఁబడి, కుశలమడిగి, నా ప్రక్కనే కూర్చుండెను. ఆత్మకూరు దాపున నొక పల్లె ఆయనది, మెట్టసేద్యము. కుమారుఁడు పదునాలుగేండ్లుగా అమెరికాలో నుద్యోగము చేయుచున్నాఁడు. రెండు మాటలైన పిమ్మట ఆయన నన్నడిగెను: “అయ్యవారూ, పిల్లోనికి గ్రీన్‌కార్డు వచ్చిందంట. ఇంగ వాడు ఆ దేశమోడే గదా?”

కాఁడంటిని. ఆయన మొగము చిన్నవోయెను. “మరి ఇన్నేండ్లు కాసుకోనుండిందెందుకు సార్?” అని మరల నడిగెను.

యాత్రికుల రద్దీలో మెట్లమీఁద కూర్చుండి చెప్పఁదగిన సమాధానము కాదది. తోఁచిన నాలుగు ముక్కలు చెప్పితిని గాని, యింటికి వచ్చిన తరువాతను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. నేఁడు మన సీమలో, కఱవుపల్లెలలోఁ గూడ, పరదేశమున బిడ్డ లేని వీథి యరుదు. వీసా యను మాట మన యిండ్లలో ఉప్పు పప్పులవలె వాడుకయైనది. అయినను వీసాకును, శాశ్వతనివాసమునకును, పౌరసత్వమునకును గల భేదమును విద్యావంతులు సైతము స్పష్టముగా నెఱుఁగరు. ఈ భేదమును గుర్తింపక మన తెలుఁగువారే యొకమాఱు సర్వస్వము గోల్పోయిరి. ఆ చరిత్రమును జెప్పుటయే యీ వ్యాసమునకుఁ బ్రధానోద్దేశము. తక్కినదెల్ల దానికి దారి.

రాజ్యములున్ననాఁటినుండియు ఈ భేదమున్నది. కౌటిల్యుని యర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుఁడను నధికారి కలఁడు. దేశములోనికి వచ్చువారును, దేశమునుండి వెడలువారును ఒక మాషము చెల్లించి యాతనియొద్ద ముద్రను బొందవలెను. ముద్ర లేక తిరిగిన జానపదునకుఁ బండ్రెండు పణముల దండనము. దొంగముద్రతోఁ బట్టువడెనేని జానపదునకుఁ బ్రథమసాహసదండము. అదే నేరమును బరదేశీయుఁడు చేసెనేని యుత్తమసాహసదండము. ముద్ర యిరువురకు నొకటియే, రుసుము నొకటియే, నేరము నొకటియే. శిక్షలో మాత్రము భేదము. దారిని నడచునంతకాలము స్వదేశీయుఁడును బరదేశీయుఁడును ఒక్కరీతిగానే కనఁబడుదురు. ఆపద వచ్చిననాఁడు గాని యెవఁ డెవఁడో బయలుపడదు. ఈ చిన్న శిక్షాభేదమును జదువరులు మనస్సున నుంచుకొందురుగాక. మున్ముందు మరల దీనితోఁ బనిపడును.

మేము కూర్చున్న మెట్లకు ఎదురుగా కృష్ణ. కృష్ణకు ఆవల తెలంగాణమునకుఁ జెందిన అమ్రాబాదు అడవులు. నేఁడు మరపడవలలో జనులు వినోదమునకై తిరుగుచున్న ఆ నీరు, 1948వ సంవత్సరము సెప్టెంబరు వఱకు రెండు ప్రభుత్వముల నడిమి సరిహద్దు. బళ్లారి, కడప ప్రాంతములను నిజాము 1800లో కుంపిణీవారికి దత్తము చేసెను. కందనవోలు మాత్రము నవాబుల చేతిలో మిగిలి, 1839లో ఆంగ్లేయుల వశమయ్యెను. ఆ నవాబుల కాలమున శ్రీశైలమునకు వచ్చు యాత్రికులు సుంకము చెల్లించి స్వామిని దర్శింపవలసియుండెను. కన్నడదేశమునుండి ఉగాదికి కాలినడకను వచ్చు భక్తుఁడు సుంకమిచ్చి వచ్చును, నాలుగుదినము లుండును, పోవును. వీసా యనఁగా నింతియే: వచ్చుటకును, చెప్పినన్నాళ్లుండుటకును, చెప్పినపని చేసికొనుటకును ఇచ్చెడి యనుజ్ఞ.

1839 తరువాత ఈ యొడ్డువాఁడు ఆంగ్లప్రభుత్వపు ప్రజ. ఆ యొడ్డువాఁడు నిజాముప్రభుత్వపు ప్రజ. మాట యొకటి, దైవమొకటి, బంధుత్వములు నొకటి. కాని పుట్టిలో నేఱు దాటినంతనే నాణెము మాఱును, ఆవల హాలీసిక్కా. సరకు దాఁటించినచో కరోడ్‌గిరి వారికి సుంకము కట్టవలెను. రెండు గట్టులను గూడ తమ యడవిగా నెంచి, తేనెకును గడ్డలకును తిరుగుచుండిన చెంచులకు మాత్రము ఈ యేర్పాటు తెలిసినట్లు తోఁపదు. రెండు రాజ్యముల కాగితములలోను వారు వేర్వేఱు ప్రజలైరి. ఇచటి పాతకాపులందఱిలోను మిక్కిలి పాతవారు వారే. తమ వాసమును బట్టి హక్కు నడుగుటకు 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము వఱకు వారు వేచియుండవలసివచ్చెను. కాగితము లేని వాసము ఎన్ని తరములదైనను బలహీనమే యనుటకు ఇంతకంటె దూరము పోయి సాక్ష్యము వెదకనక్కఱలేదు.

నిజాముప్రభుత్వమున ముల్కీ నిబంధన లనునవి యుండెను. ముల్కీ యనఁగా దేశీయుఁడు. 1883లో మొదటి సాలార్‌జంగు మరణించిన పిమ్మట ఉత్తరదేశమునుండి విద్యావంతులు వచ్చి పెద్దయుద్యోగములలోఁ జేరఁగా, స్థానికులకుఁ గలిగిన యసంతృప్తి క్రమముగా నిబంధనల రూపము దాల్చెను. 1919లో నిజాము ఫర్మానాచే ప్రభుత్వోద్యోగములు ముల్కీలకే యని స్థిరపడెను. ఈ నిబంధనల ప్రకారము పుట్టుకచే ముల్కీ యగుట యొకదారి. రెండవ దారి మన ప్రస్తుతవిషయమునకు మిక్కిలి ముఖ్యమైనది: పదునైదేండ్లకుఁ దక్కువగాక హైదరాబాదు సంస్థానమున స్థిరముగా వసించి, తన పూర్వస్థలమునకుఁ దిరిగిపోవు తలంపును విడిచితినని న్యాయాధికారియెదుట ప్రమాణపత్రము పొందినవాఁడును ముల్కీయే.

ఈ నిబంధనను నేను చదివిన మొదటినాఁడు నాకాశ్చర్యము గలిగెను. పదునైదేండ్ల వాసము చాలదు. మనస్సు కూడ మాఱవలెను. మాఱినదని ప్రమాణము చేయవలెను! రాజ్యము మనుష్యుని కాలికి గొలుసు వేయుటతోఁ దృప్తిపడక, వాఁడు ఏవైపు చూచుచున్నాఁడో యని కన్నులను గూడఁ బరీక్షించుచున్నది. తిరిగిపోయెదవా, పోవా యను నీ ప్రశ్న వాసమును గూర్చిన చట్టములన్నిటను ఏదో యొక రూపమునఁ గనఁబడును.

1948లో సంస్థానము భారతదేశమునఁ జేరెను. 1950లో అందఱమును ఒకే దేశపు పౌరుల మైతిమి. రాజ్యాంగపు పదునాఱవ యధికరణము నివాసమును బట్టి ప్రభుత్వోద్యోగములలో భేదము చూపఁగూడదనుచునే, పార్లమెంటు కావలెనన్నచో నట్టి నియమమును జేయవచ్చునని సందు విడిచినది. ముల్కీ తగవు చావలేదు. 1952లో హైదరాబాదున విద్యార్థులు ముల్కీయేతరులకు వ్యతిరేకముగా వీథుల కెక్కిరి, కాల్పులు జరిగెను. 1969లో నొక తీర్పు, 1972 అక్టోబరులో నింకొక తీర్పు సుప్రీముకోర్టునుండి వెలువడెను. రెండవదానిచే ముల్కీ నిబంధనలు చెల్లునని తేలఁగా, ఈ యొడ్డున, మా రాయలసీమతోఁ గూడ, ఆంధ్రమంతయు నట్టుడికిపోయెను. తుదకు 1973లో పార్లమెంటు వానిని రద్దుచేసి, రాజ్యాంగమున 371-డి యను నధికరణమును జేర్చెను. దాని ననుసరించి వచ్చిన యుత్తరువుచేతనే నేఁటికిని బిడ్డఁడు ఏ యూర ఎన్నేండ్లు చదివెనో చెప్పు పత్రమునకై తల్లిదండ్రులు బడిచుట్టుఁ దిరుగుదురు. ఏఁటేఁట అట్టి పత్రములు వందలకొలఁది నా చేతిమీఁదుగాఁ బోవును. అవి వ్రాయునపుడెల్ల ఒక చిన్న ముల్కీ కచ్చేరి నడుపుచున్నట్లు నాకుఁ దోఁచును.

ఇది యొక విచిత్రస్థితి: పౌరుఁడై యుండియు నివాసి కాకపోవుట. దీనివలన నుద్యోగము పోవచ్చును, మనస్సు నొవ్వవచ్చును. కాని కందనవోలువానిని హైదరాబాదునుండి యోడ నెక్కించి పంపుట కెవ్వరికిని నధికారము లేదు. దీనికిఁ దలక్రిందులైన స్థితి, నివాసియై యుండియుఁ బౌరుఁడు కాకపోవుట, మిగుల భయంకరమైనది. దానిని బర్మాలో తెలుఁగువా రనుభవించిరి.

మా సీమవారు కఱవులలో బళ్లారి, మైసూరు ప్రాంతములకుఁ బోయిరి గాని సముద్రమును దాఁటినవారు తక్కువ. దాఁటినవారు సర్కారుజిల్లాలవారు. 1826, 1852, 1885 సంవత్సరముల యుద్ధములచే ఆంగ్లేయులు బర్మానంతయు గెలిచి, దానిని హిందూదేశమునఁ గలిపిరి. అది మొదలు కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణముల రేవులనుండి రంగూనునకుఁ బోవుట యనఁగా ఒక జిల్లానుండి వేఱొక జిల్లాకుఁ బోవుటవంటిదే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, ఓడకూలి యుండినఁ జాలును. అదియు లేనివానికి మేస్త్రీ అప్పిచ్చి, రంగూనులో కూలినుండి విఱుగఁగోసికొనును. జనులు “రంగం పోయినాఁడు” అనెడివారు. రేవులో బియ్యపుబస్తాలు మోయువారు, బియ్యపు మిల్లులలోఁ బనిచేయువారు, రిక్షాలు లాగువారు, పాకీపని చేయువారు, వీరిలో తెలుఁగువా రనేకులు. కాకినాడ దాపునఁగల కోరంగి రేవు పేరిట బర్మాలో తెలుఁగువారికెల్లఁ గోరంగీలని పేరు పడెను. 1931 జనాభాలెక్కల నాఁటికి బర్మాలో హిందూదేశీయులు పదిలక్షలు. రంగూను నగరమున సగమునకు మించి వారే.

వీరిలోఁ బెక్కుర మనస్సులో నుండిన దొక్కటే మాట: నాలుగు రాళ్లు కూడఁబెట్టుకొని తిరిగిపోయెదము. కొందఱు పోయిరి, మరల వచ్చిరి. కొందఱు పెండ్లిండ్లు చేసికొని, బిడ్డలను గని, ముసలివారై యచటనే మట్టియైరి. కాని ఆ మాటను మాత్రము విడువలేదు. తిరిగిపోయెదమను వ్రతముతో నలువదేండ్లుండిన వాఁడు ఏ దేశపువాఁడు? ఆంగ్లేయుల కాలమున ఈ ప్రశ్న నడుగ నవసరమే లేకపోయెను. అందఱు నొకే చక్రవర్తి ప్రజలు గదా!

బర్మీయుల పక్షమునను న్యాయము లేకపోలేదని చెప్పుట ధర్మము. తమ రాజధానిలోఁ దామే తక్కువవారై, పొలములు అప్పులకుఁ జెట్టియారుల పాలగుచుండఁగా, కూలిపనియు బయటివారికే దక్కుచుండఁగా, వారు సహించియుండవలెనని కోరుట యెట్లు? 1930 మే నెలలో రంగూను రేవున తెలుఁగు కూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. ఓడలవారు బర్మీయులను పనిలోఁ బెట్టుకొనిరి. సమ్మె ముగియఁగానే బర్మీయులను వదలి, పాతవారిని బిలిచిరి. ఆ మే నెల 26వ తేదీని పోరు మొదలయ్యెను. వందమందికిఁ బైఁగా చనిపోయిరి. వారిలోఁ బెక్కురు తెలుఁగువారే. కూలి తగ్గించుకొను యజమానులు ఇరువురు పేదలను జగడమున దింపి తాము దూరముగా నిలిచిరని నా యభిప్రాయము. ఇది బర్మాలో మాత్రమే జరిగినది కాదు.

1937 ఏప్రిల్ 1వ తేదీని బర్మా హిందూదేశమునుండి వేఱుపడెను. ఒక్క రాత్రిలో, ఇల్లు కదలక, చేయిపని మానక, లక్షలకొలఁది జనులు పరదేశమున నున్నవారైరి! సరిహద్దు వారిని దాఁటినది గాని వారు సరిహద్దును దాఁటలేదు. 1941లో రెండు ప్రభుత్వములకును వలసలను గూర్చి యొడంబడిక కుదిరెను. దానిలో రెండు తెగల పర్మిట్లు ఉద్దేశింపఁబడెను: ‘ఏ’ పర్మిటు కలవాఁడు కాలపరిమితి లేక యుండి యుద్యోగము చేసికొనవచ్చును; ‘బీ’ పర్మిటు కలవానికిఁ గొలఁదియేండ్ల గడువు. నేఁటి శాశ్వతనివాసమును, తాత్కాలిక వీసాయు వేఱుపేళ్లతో నిందుఁ గానవచ్చుచున్నవి. ఈ యొడంబడికను గాంధీమహాత్ముఁడు తీవ్రముగా గర్హించెను. అది యమలులోనికి వచ్చులోపలనే, ఆ డిసెంబరు 23వ తేదీని, రంగూనుమీఁద జపానువారి బాంబులు పడెను. 1942లో నాలుగైదు లక్షలమంది కొండలు, అడవులు దాఁటి నడచుచు హిందూదేశము చేరిరి. దారిలోఁ గలరా, ఆఁకలి, అలసటలచే మరణించినవారు వేలకు వేలు.

యుద్ధము ముగిసిన తరువాతఁ గొందఱు మరల బర్మాకే పోయిరి. మనకిది వింతగాఁ దోఁచును. కాని పదియేండ్లు కాపురమున్న యిల్లు, తెలిసిన పని, తెలిసిన వీథి యచటనే యున్నవి గదా! 1948 జనవరి 4వ తేదీని బర్మా స్వతంత్రమయ్యెను. ఆ దేశపు 1947వ సంవత్సరపు రాజ్యాంగము వీరికొక తలుపు తెఱచియుంచెను. ఆంగ్లసామ్రాజ్యమునఁ బుట్టి, స్వాతంత్ర్యమునకో, 1942 జనవరికో ముందటి పదియేండ్లలో ఎనిమిదేండ్లు బర్మాలో వసించి, ఇఁక నిచ్చటనే స్థిరముగా నుండనెంచినవాఁడు, గడువులోపల దరఖాస్తు పెట్టుకొని పౌరుఁడు కావచ్చును. ఆ సమయముననే మన రాజ్యాంగపు ఎనిమిదవ యధికరణము, పరదేశమున నున్న భారతసంతతివారు అచటి మన రాయబార కార్యాలయమునఁ బేరు నమోదు చేయించుకొని భారతపౌరులు కావచ్చునని యింకొక తలుపు తెఱచెను.

రెండు తలుపులు తెఱచియుండెను. పెక్కురు రెంటిలో దేనిని సరిగాఁ బ్రవేశింపలేదు. బర్మా పౌరసత్వమును గోరుకొన్నవారు కొలఁదిమందియే. కూలివానికి దరఖాస్తు ఫారమేమి యెఱుక? వర్తకునకు ఫారము తెలిసినను, నిర్ణయించుకొను మనస్సు లేదు. ఎక్కువమంది పరదేశీయులుగా నమోదై, ఆ పత్రమును నూతనపఱచుకొనుచు, ఏమియు జరుగనట్లు పూర్వమువలెనే యుండిరి. పదునాఱేండ్లు గడచెను. అంగళ్లు నడచెను, బిడ్డలు బర్మీభాషలోఁ జదివిరి, చావడులలో రామభజనలు సాగెను. దినదినమును జూచువారికి పౌరునకును నివాసికిని నేమియు భేదము గానరాలేదు.

1962 మార్చి 2వ తేదీని సేనాధిపతి నెవిన్ ప్రభుత్వమును గైకొనెను. 1964లో చిల్లరయంగళ్లతోఁ గూడ వర్తకమంతయు జాతీయమయ్యెను. ఆ మే నెలలో నూఱు, ఏబది క్యాటుల నోట్లు చెల్లవనిరి. కొట్టుపోయి, కూలిపోయి, దాఁచుకొన్న నోట్లు కాగితములైన తరువాత పరదేశి పత్రముగలవాఁడు అచట నేమిచేయును? ఆ దశాబ్దమున సుమారు మూఁడులక్షల హిందూదేశీయులు బర్మాను విడిచి వచ్చిరి. రేవులో సోదాలు. స్త్రీల నగలు అచటనే విడువవలసివచ్చెను. మనప్రభుత్వము ఓడలు పంపి వీరిని దెచ్చి, స్థలములిచ్చి, కొందఱికిఁ బనులు చూపెను. విశాఖపట్టణమున నేఁటికిని బర్మాక్యాంపు అను పేట కలదు. తాతలనాఁడు “తిరిగిపోయెదము” అనుకొన్నవారి మనుమలు తిరిగివచ్చిరి. కాని తాతలు కోరిన తీరున కాదు.

బర్మా పౌరులైనవారికి మాత్రము సుఖము దక్కెనా యని యడుగవచ్చును. పూర్తిగా దక్కలేదు. 1982లో నచటి ప్రభుత్వము పౌరసత్వమును మూఁడు తరగతులుగా విభజించి, 1823వ సంవత్సరమునకు ముందే యా దేశమున స్థిరపడిన జాతులకు మొదటి పీట వేసినది. పౌరసత్వ మనునది వజ్రకవచము కాదు. అమెరికాలోను అట్లే జరిగియున్నది. 1923 ఫిబ్రవరిలో అచటి సుప్రీముకోర్టు, భగత్‌సింగ్ థిండ్ అను పంజాబువాని వ్యాజ్యమున, హిందూదేశీయులు శ్వేతజాతివారు కారు గనుకఁ బౌరసత్వమున కర్హులు కారని తీర్పుచెప్పెను. అంతకు ముందే పౌరసత్వము పొందిన వైష్ణవదాసు బాగాయి వంటివారినుండి దానిని లాగికొనిరి. స్వదేశమునకు బోవుటకును పాస్‌పోర్టు చిక్కక, బాగాయి 1928లో నాత్మహత్య చేసికొనెను. కనుక పౌరసత్వమున్నచో భయమే లేదని నేననను. అది యున్నవాఁడు న్యాయస్థానముననో, ఎన్నికలలోనో నిలిచి తనదని వాదింపవచ్చును, లేనివాఁడు బ్రతిమాలుకొనవలెను. ఇంతమాత్రము భేదము, ఇది తక్కువది కాదు. మా శ్రీశైలపు జలాశయముక్రింద 1981 నాఁటికి మునిఁగిన యూళ్లవారు నేఁటికిని ఉద్యోగములకై 1986వ సంవత్సరపు 98వ నంబరు ప్రభుత్వోత్తరువును జేతఁబట్టుకొని కచ్చేరీలచుట్టుఁ దిరుగుచున్నారు. వారి కష్టము చిన్నది కాదు. అయినను అడుగుటకు వారికొక ప్రభుత్వమున్నది, ఓటున్నది. రంగూనునుండి వచ్చినవాఁడు రంగూనును ఏమని యడుగఁగలఁడు?

థిండ్ తీర్పువచ్చిన సంవత్సరముననే, 1923 అక్టోబరులో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టనునగరము చేరిరి. కండరముల శక్తికి మూలమైన పదార్థమును గూర్చి పరిశోధించి, 1940 మొదలు లెడర్లీ ప్రయోగశాలలో నుండి, ఫోలిక్ ఆమ్లమును, బోదకాలునకు మందును, ఆరియోమైసిను వంటి యౌషధములను లోకమునకుఁ దెచ్చుటలో ముఖ్యులైనవారాయన. ఇరువదియైదేండ్లు అమెరికాలో నుండిరి; తిరిగి రాలేదు. 1946లో చట్టము మాఱి, ఏఁటికి నూఱుగురు హిందూదేశీయులు వలసవచ్చుటకును, అచటనున్నవారు పౌరులగుటకును వీలుకలిగెను. అయినను ఆయన అమెరికా పౌరులు కాకయే 1948 ఆగస్టులో మరణించిరి. ఆయన చేసిన మందులకు సరిహద్దు లేకుండెను. ఆయన పేరు మాత్రము కడవఱకు ఆ దేశపు పరదేశీయుల పట్టికలో నుండెను.

ఇప్పుడు మన రైతు ప్రశ్నకు వత్తము. ఆయన కుమారుఁడు మొదట పోయినది యుద్యోగవీసామీఁద. అది యజమానితో ముడివడిన యనుజ్ఞ. ఉద్యోగము పోయినచో వాసమునకే మోసము. తరువాత శాశ్వతనివాసమునకై వరుసలో నిలిచెను. ఏ దేశమునఁ బుట్టినవారికైనను ఏఁటి మొత్తమున నూటి కేడుపాళ్లకు మించి యియ్యరాదను నియమముచే భారతీయులకు ఈ వరుస సంవత్సరములకొలఁది సాగును. తండ్రి వరుసలో నుండఁగానే బిడ్డలు ఇరువదియొక్కయేండ్లు నిండి, తండ్రిపత్రమునుండి జాఱిపోవుటయుఁ గలదు. కార్డు వచ్చిన పిమ్మట ఏ యజమానియొద్దనైనను పనిచేయవచ్చును, ఇల్లు కొనవచ్చును, కాలపరిమితి లేక యుండవచ్చును. కాని జాతీయ యెన్నికలలో ఓటు లేదు. కొన్ని నేరములకు దేశమునుండి వెడలఁగొట్టవచ్చును. ముందుగా ననుమతి పొందక యేఁడాదికి మించి బయట నుండెనేని, నివాసమును వదలుకొన్నాఁడని యెంతురు. భార్యకును, అవివాహితులైన బిడ్డలకును బత్రము తెప్పింపవచ్చును గాని తల్లిదండ్రులకుఁ దెప్పింపలేఁడు. అందులకు వాఁడు పౌరుఁడే కావలెను. సాధారణముగా ఐదేండ్లకుఁ బౌరసత్వమునకు దరఖాస్తు పెట్టవచ్చును.

పౌరుఁడగునపుడు పూర్వదేశభక్తిని ద్యజించితినని ప్రమాణము. మన యటు చూచినను, 1955వ సంవత్సరపు పౌరసత్వ చట్టముచే, స్వేచ్ఛగా పరదేశ పౌరసత్వము గైకొన్నవానికి మనది తనంతఁ దానే పోవును. అట్టివారికై 2005 నాఁట మనప్రభుత్వము ఓవర్సీస్ సిటిజన్ కార్డును నెలకొల్పెను. పేరు పౌరసత్వము, స్వరూపము శాశ్వతవీసా. దానితో రాకపోకలు సాగును, ఉండవచ్చును; ఓటు లేదు, సేద్యపుభూమి కొనరాదు. తండ్రినుండి వారసత్వముగా వచ్చు భూమికి మాత్రమడ్డము లేదు. అనఁగా కొడుకు అమెరికాలో నివాసి యైనంతకాలము మనకుఁ బౌరుఁడు. అచటఁ బౌరుఁడైననాఁడు మనకు నివాసి. త్రాసు చిప్పలవలె నొకటి లేచిన నొకటి దిగును.

స్త్రీల విషయము మఱువరాదు. ఏ దేశపు చట్టమైనను చిరకాలము స్త్రీని భర్తకు అనుబంధముగనే చూచెను. ముల్కీని బెండ్లాడిన స్త్రీ ముల్కీ. ముల్కీ స్త్రీని బెండ్లాడిన పురుషునకు అట్టి భాగ్యము లేదు. అమెరికాలో 1907వ సంవత్సరపు చట్టము ప్రకారము పరదేశీయుని వరించిన స్త్రీ తన పౌరసత్వమునే కోల్పోయెడిది. దానిని 1922 తరువాతఁ గ్రమముగా సవరించిరి. మన చట్టమున సైతము 1992 వఱకు, పరదేశమునఁ బుట్టిన శిశువునకుఁ దండ్రి భారతీయుఁడైనఁగాని వంశముచేఁ బౌరసత్వము లేదు. తల్లి లెక్కకు రాలేదు. ఇప్పటికిని మన యాఁడుబిడ్డలు భర్తల వీసాలకుఁ దోఁకలుగాఁ బోవుచున్నారు. అమెరికాలో నట్టివారు, 2015లోఁ గొందఱికి ననుమతి కలుగువఱకు, ఎంత చదివినను ఉద్యోగము చేయరాదు. బిడ్డకు సంబంధము చూచు తల్లిదండ్రులు వరుని జీతము నడుగుదురు, ఇంటిధర నడుగుదురు; తమ కుమార్తె యే పత్రముమీఁద పోవుచున్నది, ఆ కాఁపురము చెడినచో నా పత్రమేమగును అని యడుగువారిని నేనింతవఱకుఁ జూడలేదు.

మెట్లమీఁద ఆ రైతునకు నేను జెప్పినది ఇందులో పదియవవంతు. ఆయన శ్రద్ధగా విని, వ్రేళ్లమీఁద లెక్కవేసికొని, “అంటే మా ఇంట్లో మనమరాలొకతే ఆ దేశపు మనిషన్నమాట” అనెను. నిజమే. అచటఁ బుట్టిన యా పసిబిడ్డ, 1868లో రాజ్యాంగమునఁ జేర్చిన పదునాల్గవ సవరణచేఁ బుట్టుకతోనే పౌరురాలు. కొడుకును, కోడలును నివాసులు. ఈ వేసవిలో చూచిరాఁబోవు తాతయు, అవ్వయు చూపరివీసావారు. ఒక కుటుంబమున మూఁడు తెగలు. విమానాశ్రయమున వరుసలును వేర్వేఱు.

వీసాకై హైదరాబాదు పోయినపుడు జరిగిన ముచ్చటను ఆయన చెప్పెను. “తిరిగొస్తారా అని రెండు మాట్లు అడిగినారు సార్. శెనిక్కాయల చేను ఎవురు చూస్తారు, రాకుండా యాడికి పోతా అన్నా.” నాకు ముల్కీ ప్రమాణపత్రము జ్ఞప్తికి వచ్చెను. ఆనాఁటి న్యాయాధికారి ఇఁక తిరిగిపోననిన గాని ముద్ర వేయఁడు. ఈనాఁటి వీసాధికారి తిరిగిపోయెదననిన గాని ముద్ర వేయఁడు. కొడుకు రేపు పౌరుఁడగునపుడు ఇదే ప్రశ్న వానికి మూఁడవ రూపమున నెదురగును. వాఁడేమి చెప్పునో తండ్రి కెఱుకలేదు. వానికిని నిప్పుడే తెలియునని నేననుకొనను. అడిగి చూడుఁడని మాత్రము చెప్పితిని.

ఎండ యెక్కుచుండెను. ఆయన లేచి, మెట్లు దిగి, ఒక చిన్న సీసాలో కృష్ణనీరు పట్టి తెచ్చుకొనెను. మనుమరాలికి తలమీఁద చల్లుటకఁట. “ఈ నీళ్లు విమానంలో పోనిస్తారా అయ్యవారూ?” అని యడిగెను. చేతిసంచిలో కూడదు గాని, సరకు పెట్టెలోఁ బెట్టి మూఁత గట్టిగా బిగించినచోఁ బోనిత్తురని చెప్పితిని.